నరాలక్క

పోయిన నెల మా ల్యాబులో నరాలక్కకు వీడ్కోలు సభ పెట్టారు. సభ అంటే పెద్దగా ఊహించుకోకండి. మైక్రోస్కోపులు గోడవైపుకు జరిపి, పది కుర్చీలు వేసి, ఒక కేకు తెచ్చారు. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు లేచి ‘ముప్పై నాలుగేళ్ల అంకితభావం’ అన్నాడు, ‘క్రమశిక్షణ’ అన్నాడు, చేతిలో కాగితం చూసి ఇంకేదో అన్నాడు. ఆయన ఆమెతో పనిచేసింది ఎనిమిది నెలలు. నేను పందొమ్మిదేళ్లు చేశాను. రెండు మాటలు చెప్పమని నన్నెవరూ అడగలేదు. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు కదా.

అక్క ఆ మాటలేవీ వినలేదు. పక్క కుర్చీలో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. ఎవరైనా అక్కడ కూర్చోబోతే “ఆగమ్మా, మా చెల్లెలు వస్తుంది” అంది. తలుపు చప్పుడైనప్పుడల్లా అటు చూసింది. కేకు అయిపోయింది, కుర్చీలు మడిచేశారు, చెల్లెలు రాలేదు. వస్తుందని ఆమె ఒక్కతే అనుకుంది. ఆ చెల్లెలు ఆమెతో మాట్లాడి పద్దెనిమిదేళ్లయింది.

ఆ మాటలు ఆగిపోవడానికి కారణమైన తప్పులో సగం నాది. ఆ సంగతి అక్కకు తెలుసు, నాకు తెలుసు. చెల్లెలికి తెలియదు. తెలియకుండా అక్కే దాచింది. సంచి పెట్టిన ఆ కుర్చీని చూసి నా కేకు ముక్కను పళ్లెంలోనే వదిలేశాను. ఇక లాభం లేదు, వెళ్లి చెప్పేయాలి అనుకున్నాను. చెబితే అక్కకు చెల్లెలు తిరిగి దక్కుతుందో లేదో తెలియదు. చెప్పకుండా నేను కూడా రిటైరైపోతే మాత్రం ఆ అవకాశం కూడా ఉండదు.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. రోగి ఒంట్లోంచి కోసిన చిన్న ముక్క మా దగ్గరికి సీసాలో వస్తుంది. దాన్ని మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరుస్తాం. కోసేది నేను, రంగులు వేసేది అక్క. మామూలు రంగులతో డాక్టరుకు విషయం తేలకపోతే ప్రత్యేకమైన మందులు వేయమంటాడు. వాటిలో ఒకదాన్ని మేం ‘వంద’ అంటాం. కణాల్లో కాల్షియాన్ని పట్టుకునే ఒక ప్రోటీన్ ఉంది. ఒక రకం ఉప్పును ఇక కరగదన్నంతవరకూ, నూటికి నూరుపాళ్లూ కలిపిన నీళ్లలో కూడా అది విడిపోకుండా కరిగే ఉంటుందట. అందుకని కనిపెట్టినవాళ్లు దానికి ఎస్ హండ్రెడ్ అని పేరు పెట్టారు. అంత పేరు రోజుకు నలభైసార్లు పలకలేక మేం ‘వంద’ చేసుకున్నాం.

ఈ ప్రోటీన్ అన్ని కణాల్లోనూ ఉండదు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో ఉంటుంది, నరాలను చుట్టుకుని ఉండే కణాల్లో ఉంటుంది, కొవ్వులో ఉంటుంది. అది ఉన్నచోట మా మందు అంటుకుని గోధుమరంగు తేలుతుంది. లేనిచోట నీలంగా మిగిలిపోతుంది. చర్మంలోని రంగు కణం చెడిపోయి కణితిగా మారినా ఈ ప్రోటీన్‌ను మాత్రం వదలదు. నల్లటి కణితిని ఎవరైనా పట్టుకుంటారు. నలుపనేదే లేకుండా, పాత దెబ్బ మచ్చలా వేషం వేసుకుని కూర్చునే రకం ఒకటుంది. మైక్రోస్కోపు కింద కూడా అది మచ్చలాగే ఉంటుంది. తలపండిన డాక్టర్లే తికమకపడతారు. దాన్ని బయటపెట్టేది వంద. అందుకే బొటనవేలంత ఆ సీసా అంటే మాకు భయమూ భక్తీ రెండూ ఉండేవి.

అక్క ల్యాబులో చేరింది గాజుసామాను కడగడానికి. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. తల్లి పోయి, తండ్రి ఉన్నా లేనట్టే ఉండి, తనకన్నా ఏడేళ్లు చిన్నదైన చెల్లెల్ని తానే పెంచుతోంది. కడిగిన గాజు మీద చుక్క మరక ఉండేది కాదట. అది చూసి అప్పటి పెద్ద డాక్టరు ఆమెను రంగుల బల్ల దగ్గరికి మార్చాడు. చదువుకున్న టెక్నీషియన్లు మూతులు ముడిచారు. రెండేళ్లకు వాళ్లే వచ్చి “అక్కా, ఈ స్లైడు ఎందుకు ఇలా మసకేసింది?” అని అడగడం మొదలుపెట్టారు. పెళ్లి మాటెత్తితే “నా చేతులెప్పుడూ స్పిరిట్ వాసనే, ఎవడు చేసుకుంటాడే” అని కొట్టిపారేసేది. నిజానికి చెల్లెలి పెళ్లయ్యేదాకా ఆగుదామనుకుంది, అయ్యేసరికి తనకు వయసు దాటింది. ఇది ఆమె నాతో అనలేదు. నాకు కళ్లున్నాయి.

చెల్లెలి పెళ్లి కథ మాత్రం ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. వాళ్ల రెండు గదులకూ రంగులు వేయడానికి ఒక పెయింటర్ వచ్చాడు. అంతా అయ్యాక చెల్లెలు ఒక మూల చూపించి పల్చగా ఉందంది. అతను వచ్చి మళ్లీ వేశాడు. ఈసారి ఎక్కువ ముదిరిందంది. మళ్లీ వచ్చాడు. మూడోసారికి అక్కకు అర్థమైంది, వంక గోడలో లేదని. అలా ఆ పెయింటర్ ఆమెకు మరిది అయ్యాడు. వదినను ఏడిపించడమంటే అతనికి సరదా. “వదినా, నువ్వూ రంగులేసేదానివే, నేనూ రంగులేసేవాణ్ణే. కాకపోతే నా గోడని నలుగురూ చూస్తారు, నీ గోడని ఒక్క డాక్టరే చూస్తాడు” అనేవాడు.

నేను చేరిన మూడో నెలలో అతని చెంప మీద గట్టిపడిన చోటొకటి కనిపించింది. ఎప్పుడో నిచ్చెన తగిలి తెగిన చోటే అది. నొప్పి లేదు, నలుపు లేదు, చర్మం రంగులోనే ఉంది. ఏళ్ల తరబడి ఎండలో గోడలెక్కేవాడు, ముఖం మీద మచ్చంటే ఎవరు పట్టించుకుంటారు? అక్క పట్టించుకుంది. లాక్కొచ్చి చూపించింది. చిన్న ముక్క తీసి మాకు పంపారు. పెద్ద డాక్టరు చూసి, “మచ్చలాగే ఉంది, కానీ నాకెందుకో మనసొప్పడం లేదు. వంద వేయండి” అన్నాడు. గోధుమరంగు తేలకపోతే మచ్చ, తేలితే కణితి. ఆ మాట అక్క ఇంట్లో చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. అప్పటినుంచి ఆ ఇద్దరికీ నిద్రలేదు.

ఇప్పుడు నా సంగతి. మందు వేసిన స్లైడ్లు ఎండిపోకుండా ఒక తడిపెట్టెలో పడుకోబెడతాం. అడుగున తడి కాగితం, పైన రెండు కడ్డీలు, కడ్డీల మీద అడ్డంగా స్లైడ్లు. ఆ పెట్టె పెట్టే రాతి బల్ల కొంచెం ముందుకు వాలి ఉండేది. వాలు సరిచేయడానికి పెట్టె కింద ముందువైపు ఒక మడతపెట్టిన అట్టముక్క ఉండేది. నాకెవరూ చెప్పలేదు. చెప్పలేదని ఇప్పటికీ కోపమే, కానీ అడగాల్సింది నేను. ఆ ఉదయం బల్ల తుడుస్తూ, తడిసి కంపు కొడుతున్న ఆ అట్టను తీసి చెత్తబుట్టలో పడేశాను. శుభ్రం చేశానని నాలో నేనే మురిసిపోయాను కూడా.

పెట్టె ముందుకు ఒరిగింది. కంటికి తెలిసేంత వాలు కాదు. స్లైడు మీద వేసిన చుక్కకు మాత్రం అది చాలు. మందు దిగువకు జారింది. మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ప్రతిసారీ, ఈ ప్రోటీన్ ఉందని ముందే తెలిసిన వేరొకరి ముక్కతో ఒక కంట్రోలు స్లైడు పెడతాం. దాని మీద ముక్క దిగువ అంచున ఉంది, కాబట్టి చక్కగా తడిసి గోధుమరంగు తేలింది. మరిది స్లైడు మీద ముక్క పైఅంచున, లేబుల్ దగ్గర ఉంది. దాని మీద మందు నిలవలేదు. ఆ తర్వాత వేసే నీలం రంగు కోసం స్లైడును నిలువునా ముంచుతాం, అది అంతటా అంటింది. అంటే చూసేవాళ్లకు కంట్రోలు బాగుంది, ముక్క నీలంగా ఉంది. కణితి లేదన్నట్టే.

డాక్టరు కన్నా ముందు అక్క చూసింది. మైక్రోస్కోపు మీద వంగి ఎంతసేపుందో. లేచినప్పుడు ఆమె మొహం చూసి నేను బెదిరిపోయాను, ఎందుకంటే ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. “నీలమే. మొత్తం నీలమే” అంది. పెద్ద డాక్టరూ చూశాడు, కంట్రోలు చూశాడు, పాత దెబ్బ మచ్చ అని సంతకం పెట్టాడు. సంతకం ఆరేలోపే అక్క లేదు. కోటు కూడా విప్పకుండా చెల్లెలింటికి పరిగెత్తింది.

పది నెలలకు ఆ చోటే మళ్లీ లేచింది. ఈసారి పెద్ద ముక్క వచ్చింది. వంద వేస్తే ముక్కంతా గోధుమరంగే. పెద్ద డాక్టరు పాత స్లైడు తీయించాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అక్కను పిలిచి “నరం చూడు” అన్నాడు. చెంప చర్మంలో సన్నని నరాలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. నరంలో ఈ ప్రోటీన్ ఎప్పుడూ ఉంటుంది, మనిషికి జబ్బున్నా లేకపోయినా. మందు సరిగ్గా తగిలితే నరం గోధుమరంగు కావాల్సిందే. పాత స్లైడులో నరం కూడా నీలంగా ఉంది. అంటే ఆ స్లైడు ‘జబ్బు లేదు’ అని చెప్పలేదు. అసలేమీ చెప్పలేదు. పాత మైనం ముక్కలోంచి కొత్త పొర కోసిచ్చింది నేనే. అక్క మందు వేసింది. అరగంట తర్వాత కడిగి రంగు తేల్చితే నరం, దాని చుట్టూ ముక్క, అంతా గోధుమరంగే.

విచారణ జరిగింది. కాగితాలు రాశారు. పెద్ద డాక్టరు తాను నరం చూడలేదని ఒప్పుకున్నాడు, అంతవరకు ఆయన మంచివాడే. పైఅంచున మందు తగల్లేదంటే పెట్టె ఒరిగి ఉండాలి, ఎందుకు ఒరిగిందని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అక్క “పెట్టె పెట్టింది నేను, చూసుకోలేదు” అంది. బయటికొచ్చాక ఆమె చేయి పట్టుకున్నాను. “అట్టముక్క నేనే పారేశానక్కా” అన్నాను. నడక ఆపలేదు ఆమె. “తెలుసు. ఆ రోజు సాయంత్రమే చెత్తబుట్టలో చూశాను. తీసి మళ్లీ పెట్టెకింద పెట్టాను. మధ్యాహ్నం స్లైడ్లు ఏమయ్యాయోనని ఆలోచించాల్సింది, ఆలోచించలేదు. మనసంతా చెల్లెలింట్లోనే ఉంది” అంది.

“అయినా తప్పు నాదే కదా.”

“నీది అట్టముక్క. నాది నరం. నేను చూశానే. నరం నీలంగా ఉండటం ఆ రోజే కళ్లారా చూశాను. ఇదేంటి ఇలా ఉంది అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. తర్వాత స్లైడు పక్కకు జరిపేశాను. నాకు కావాల్సింది దొరికింది కదా. నువ్వు నోరు మూసుకుని పని నేర్చుకో.”

నేను నోరు మూసుకున్నాను. కొత్త ఉద్యోగం, ఇంట్లో నా ఒక్కదాని మీదే ఆధారపడ్డ నలుగురు, ఇవన్నీ సాకులే. నా తప్పును ఆమె కడుపులో పెట్టుకుందని లోకం అంటుంది. నాకు మాత్రం చాలాసార్లు ఆమె మీదే ఒళ్లు మండేది. అడగకుండా నా తప్పు మోసి, జీవితాంతం ఆమె ముందు నన్ను తల ఎత్తుకోనివ్వకుండా చేసింది. ఎన్నిసార్లు విసుక్కున్నానో, పెళుసుగా మాట్లాడానో. ఆమె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండేది.

ఆ సాయంత్రమే ఆమె చెల్లెలింటికి వెళ్లి “స్లైడు నేను చేశాను, తప్పు నాది” అని చెప్పింది. చెల్లెలు లోపలికి వెళ్లి తలుపు వేసుకుందట. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆ తలుపు తెరుచుకోలేదు.

మరిది మాత్రం వచ్చాడు. రెండో ఆపరేషన్ అయ్యాక, చెంపకు పెద్ద కట్టుతో, ఒకరోజు తిన్నగా మా ల్యాబుకే వచ్చాడు. నోరు సగమే తెరుచుకుంటోంది. “వదినా, నా గోడ చూపించవా” అన్నాడు. రోగులకు చూపించకూడదు. అక్క చూపించింది. అతను కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు. “మంచి రంగే పడింది. మొదటి కోటు పల్చబడింది, అంతే. పల్చబడితే ఇంకో కోటు వేయాలి. నీకు ఆమాత్రం నేర్పలేకపోయాను” అన్నాడు. అక్క బల్ల పట్టుకుని నిలబడింది. అతను లేస్తూ ఆమె తల మీద చేయి పెట్టాడు, పెద్దవాడిలా. “మీ చెల్లెలు మొండిది. మూడుసార్లు వేయించుకుంటే గానీ గోడ కూడా ఒప్పుకోలేదు. నువ్వు విసుగు పడకు” అన్నాడు. ఆ గదిలో నేనున్నాను. అతన్ని ఆపి ఆ అట్టముక్క సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అతను ఇంకో పద్నాలుగు నెలలు బతికాడు. ఊపిరితిత్తులకు పాకింది.

తర్వాతి కాలమే మీరు అడిగితే ల్యాబులో అందరూ చెప్పే నరాలక్క కథ. వంద వేసిన ఏ స్లైడైనా డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఆమె కళ్లబడాల్సిందే. కణితి వైపు చూసేది కాదు. “ముందు నరాన్ని చూడు. అది రంగెక్కిందా? అది నిజం చెబితే మిగతాది కూడా నమ్ము” అనేది. నరం దొరక్కపోతే కొవ్వును వెతికేది, అదీ లేకపోతే చర్మం పైపొరలో చెట్టుకొమ్మల్లా చేతులు చాచి ఉండే కణాల్ని వెతికేది. ఏదీ రంగెక్కకపోతే మళ్లీ మొదటినుంచి. ఒక కుర్ర డాక్టరు, పేషెంటు బయట ఎదురుచూస్తున్నాడని ఒంటికాలి మీద లేచాడు. “మీరేమైనా డాక్టరా? కంట్రోలు బాగానే ఉందిగా” అన్నాడు. “కంట్రోలు ఇంకొకరి ముక్క బాబూ. ఈయన సంగతి ఈయన నరాన్నే అడగాలి” అంది. మళ్లీ వేస్తే రంగు తేలింది. ఆ కుర్రవాడు ఇప్పుడు వేరేచోట పెద్ద డాక్టరు, తన కింద పనిచేసేవాళ్లకు ఇదే మాట చెబుతాడట.

నరాలక్క అని మొదట వెక్కిరింతగా పెట్టిన పేరే, తర్వాత గౌరవంగా మారింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆమె అసలు పేరు కూడా తెలియదు. ఇదంతా ఆమె చేసింది గొప్ప కోసం కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని ఆమెకు తెలుసు. అయినా రోజూ పట్టుకుంది.

వీడ్కోలు సభ అయిన మూడో రోజు నేను సెలవు పెట్టి చెల్లెలి దగ్గరికి వెళ్లాను. బస్టాపు ఎదురుగా ఒక ఇస్త్రీ దుకాణం ఆమెది. ముందు బల్ల, వెనక తీగల మీద వేలాడే చొక్కాలు, నేల మీద ముడివిప్పని మూటలు. మనిషి సన్నగా, అచ్చం అక్కలాగే ఉంది. ఎవరని అడిగితే, మీ అక్క దగ్గర పనిచేస్తానని చెప్పాను. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఆగిపోయింది.

“అక్కకేమైనా అయిందా?”

“లేదు. రిటైరైంది.”

“తెలుసు. కార్డు వచ్చింది.” పెట్టె మళ్లీ కదిలింది.

ఎలా మొదలుపెట్టాలో తెలియక, మొదటినుంచి మొత్తం చెప్పేశాను. బల్ల వాలు, తడిపెట్టె, అట్టముక్క, స్లైడు తప్పని తర్వాత నరం చూస్తే తేలడం, విచారణలో అక్క చెప్పిన మాట. ఆమె ఒక చేయి, రెండో చేయి, కాలరు, అన్నీ వరసగా ఇస్త్రీ చేస్తూనే వింది. చొక్కా మడత పెట్టి పక్కన పెట్టాక అడిగింది.

“ఎంత ఉంటుంది ఆ అట్టముక్క?”

వేళ్లతో చూపించాను. నా వేళ్లవైపే చూస్తూ ఉండిపోయింది.

“పద్దెనిమిదేళ్లు ఊరుకుని ఇప్పుడెందుకు చెప్తున్నారు?”

“మీ కోపమంతా అక్క మీదే ఉంది. అందులో సగం నాకు రావాలి.”

“పంచుకోవడానికి అదేమన్నా ఆస్తా?” అంది. తర్వాత ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసి, స్టూలు నా వైపు తోసింది. తాను మాత్రం నిలబడే ఉంది.

“మొదట్లో కోపమే. కడుపు మండిపోయింది. మొదటే పెద్దగా కోసుంటే బతికేవాడేమో అన్నాడు డాక్టరు. ఆ ‘ఏమో’తోనే రెండేళ్లు గడిపాను. ఆయన పోయాక ఒకరోజు కూర్చుని ఆలోచిస్తే… ఆ రోజు అక్క వచ్చినప్పుడు మీరు చూడాలి. తెల్లకోటుతో, ఒక చెప్పు తెగిపోయి, వీధిలోంచే అరుచుకుంటూ వచ్చింది. ఏమీ లేదు, ఏమీ లేదు అని. అంతకుముందు వారం రోజులూ ఆయనకు కునుకు లేదు. ఆ పూట మధ్యాహ్నమే గురకపెట్టి పడుకున్నాడు. లేచాక మా ఇంటికి రంగులేశాడు. అందరి ఇళ్లకూ వేసి మన ఇల్లు వదిలేశాం, ఎన్నాళ్లు బతుకుతామో ఏమో అని నవ్వుతూ వేశాడు. నేనెప్పుడూ సముద్రం చూడలేదంటే తీసుకెళ్లాడు. నా కాపురం మొత్తంలో ఆ పది నెలలంత బాగా ఎప్పుడూ బతకలేదు.”

బస్సొకటి వచ్చి ఆగింది. అది వెళ్లేదాకా ఆమె మడత పెట్టిన చొక్కాల అంచులు సరిచేసింది.

“అదంతా తప్పు స్లైడు వల్ల వచ్చిందని తెలిశాక ఆ పది నెలల్ని ఏం చేసుకోవాలి? పారేయలేను. దాచుకోవాలంటే సిగ్గు. అక్కని చూస్తే తిట్టాలో దండం పెట్టాలో తెలిసేది కాదు. అందుకే తలుపు తీయలేదు. మొదటి ఏడాది కోపంతో మాట్లాడలేదు. రెండో ఏడాది సిగ్గేసింది. ఐదో ఏడాదికి అలవాటైపోయింది. రోజూ నా దుకాణం ముందే బస్సెక్కుతుంది. దించిన తల ఎత్తదు. నేను కావాలని బయటికొచ్చి నిలబడిన రోజులున్నాయి. అయినా ఎత్తలేదు.”

“ఈ మాటలే ఆమెకు చెప్పొచ్చుగా.”

“మొగుడి ప్రాణం తీస్తున్న జబ్బు లోపల పెరుగుతుంటే నేను సంతోషంగా ఉన్నానని ఎలా చెప్పను? ఎవరితోనైనా చెప్పే మాటేనా అది?”

“నాకు చెప్పారు కదా” అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “మీకు నోరెక్కువ” అంది. తర్వాత ఒక చొక్కా తీసి బల్ల మీద పరిచింది. మళ్లీ తీసేసింది. తాళంచెవులు వెతుక్కుని షట్టరు సగం దించింది. “ఇంకా పాత ఇంట్లోనే ఉంటోందా?” అని అడిగింది.

అక్క ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక. మెట్ల దగ్గర నేనాగిపోయాను. ఆమె పైకెక్కి తలుపు తట్టింది. అక్క తడిచేతులతోనే తలుపు తీసి, ఎదురుగా చెల్లెల్ని చూసి, నా వైపు చూసి, మళ్లీ చెల్లెల్ని చూసింది.

“ఆ పది నెలలూ ఆయన బాగా నిద్రపోయాడక్కా” అంది చెల్లెలు. “నీకు ఆ మాట చెప్పాలి. చెప్పకుండా ఇన్నేళ్లు ఉంచేశాను.”

అక్క తలుపు పట్టుకుని అలాగే గడప దగ్గర నేల మీద కూలబడిపోయింది. ఆమె ఏడవడం నేను రెండుసార్లే చూశాను, మొదటిసారి నవ్వుతూ ఏడ్చింది. ఈసారి నవ్వు లేదు.

“నీకు చెప్పలేదే నేను. నరం నీలంగానే ఉంది. చూశాను. చూసి కూడా నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను.”

చెల్లెలు చెప్పులు విప్పి, ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. ఆమె తడిచేతుల్ని తన ఒళ్లోకి తీసుకుని కొంగుతో తుడిచింది, ఒక్కొక్క వేలూ.

“ఆ రోజు నీ చోట నేనుండుంటే, నేనూ చూసేదాన్ని కాదక్కా” అంది.